కొండకొమ్మునుండి జారిన వీరుడు

హైదరాబాదు తూర్పు అంచున, ఉప్పల్‌కు పోవు రాజమార్గము చెంత, రెండు విద్యలు ఇరుగుపొరుగున నెలకొని ఉన్నవి. ఒకటి బరువును కొలుచు విద్య. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆ మార్గముననే ఉన్నది. అచ్చటి మెట్రో రైలు స్టేషనుకు సైతము దాని పేరే పెట్టిరి. భూమి తనపై నున్న వస్తువులను ఏ చోట ఎంత బలముతో లాగుచున్నదో సూక్ష్మముగా కొలుచుట అక్కడి శాస్త్రజ్ఞుల పనులలో ఒకటి. రెండవది బరువును మరపించు విద్య. హబ్సిగూడ కూడలినుండి ఉత్తరముగా తిరిగినచో కొలది దూరములోనే నాచారము. నందమూరి తారక రామారావు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో ఆ నాచారములోనిదే. చలనచిత్రములు తీయు ఇట్టి ఆవరణములలో రాజకుమారులు కోటగోడలపైనుండి దూకుదురు. దుమ్ము దులుపుకొని లేతురు.

శాస్త్రజ్ఞుని లెక్కలో రాజకుమారుడును రాతిముక్కయు ఒక్కటే. ఇద్దరి వేగమును ప్రతి సెకనుకు సుమారు 9.8 మీటర్ల చొప్పున పెరుగును. కథకుని లెక్కలో మాత్రము రాయి పగులును, రాజకుమారుడు బ్రతుకును. ఈ రెండు లెక్కలలో ఏది న్యాయమైనది? ప్రాణాంతకమైన ఎత్తునుండి పడిన వీరుని కథకుడు బ్రతికింపవచ్చునా? ఈ ప్రశ్న పురాణములంత పాతది. కాని ఇటీవల అది ఒక ఆటబల్ల మీద కొత్త రూపమున తలయెత్తినది.

పాచికల లెక్క

1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను పేర ఒక క్రీడను వెలువరించిరి. బల్ల చుట్టును నలుగురైదుగురు కూర్చుందురు. వారిలో ఒకడు సూత్రధారి. కొండలను, కోటలను, రాక్షసులను అతడు వర్ణించును. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుని పాత్ర వహించి, తమ వీరుడు ఏమి చేయునో చెప్పుదురు. ఫలము సందేహమైన చోట పాచిక తీర్పు చెప్పును. వీధిభాగవతమునకును వైకుంఠపాళికిని పుట్టిన బిడ్డ యనిన ఈ క్రీడా స్వభావము మన పాఠకులకు సులభముగా బోధపడును.

ఇందులో ప్రతి వీరునికిని కొన్ని ప్రాణాంకములుండును. దెబ్బ తగిలినప్పుడెల్ల అవి తరుగును. పూర్తిగా తరిగిన వీరుడు కూలును. అనుభవము పెరిగినకొలది అంకములును పెరుగును. పతనమునకును ఒక నియమము కలదు. పడిన ప్రతి పది అడుగులకు ఆరు ముఖముల పాచిక ఒకటి వేసి, వచ్చిన మొత్తమును ప్రాణాంకములనుండి తీసివేయవలెను. అయితే పాచికలు ఇరువదికి మించరాదు. 1978లో అచ్చయిన నియమగ్రంథములోని ఈ హద్దు 2014లో వచ్చిన కూర్పులోను నిలిచియున్నది.

ఉప్పల్‌లో ఒక ఇంటి డాబామీద నలుగురు విద్యార్థులు ఈ ఆట ఆడుచున్నారనుకొందము. కథలోని కొండకు తామెరిగిన భువనగిరి గుట్టనే వారు నమూనాగా తీసికొనిరి. ఉప్పల్ మీదుగా వరంగల్లు పోవు దారిలో ఎవరికైనను కనబడు ఏకశిల యది. ఎత్తు అయిదువందల అడుగులకు పైమాటే. వీరుని వెనుక శత్రుసేన, ముందు లోయ. వీరపాత్రధారి తన కాగితము చూచుకొని నవ్వును.

"నాకు నూట యాభై ఉన్నయ్‌రా. అన్నీ ఆర్లే పడ్డా నూట ఇరవయ్యే పోతయ్. దూకేస్తున్నా!"

"అరే, అది భువనగిరి గుట్టరా! కింద పడితే ఎముక కూడ దొరకదు" అని పక్కవాడు మొత్తుకొనును.

వివాదమంతయు ఈ రెండు మాటలలోనే ఉన్నది. మొదటివాని పక్షము పూర్తిగా తోసివేయదగినది కాదు. ప్రాణాంకములనగా కేవలము రక్తమాంసములు కావు. అదృష్టము, నేర్పు, ఓర్పు, దైవానుగ్రహము అన్నియు అందులో చేరియున్నవని ఆ క్రీడను నడుపువారు చెప్పుదురు. బ్రహ్మరాక్షసుని గదాఘాతమునకు చావని వీరుడు కొండచరియ జారిన మాత్రమున చచ్చుట కథకు శోభ కాదు. అదిగాక, నెలల తరబడి ఒక పాత్రను పెంచి పోషించిన విద్యార్థికి, ఒక్క పాచిక పాటుతో అది మట్టిపాలగుట దుఃఖకరమే.

రెండవవాని పక్షమును బలమైనదే. పడు వస్తువు కూడగట్టుకొను శక్తి ఎత్తును బట్టి పెరుగును. ఎత్తు రెట్టింపైన శక్తియు రెట్టింపగును. కనుక పది అడుగులకొక పాచిక యనుట భౌతికశాస్త్రమునకు విరుద్ధము కాదు. చిక్కంతయు ఇరువది పాచికల హద్దుతోనే. గాలి నిరోధమును విడిచి లెక్కించిన, రెండువందల అడుగుల ఎత్తునుండి పడువాడు గంటకు సుమారు 124 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును. గాలి అడ్డగింపువలన మనిషి పతనవేగము గంటకు ఇంచుమించు 200 కిలోమీటర్ల వద్ద నిలకడ చెందును గాని, అది రెండువందల అడుగులలో జరుగు పని కాదు. ఈ హద్దువలన రెండువందల అడుగుల గుట్టయు, అయిదువందల అడుగుల భువనగిరియు, హిమాలయ శిఖరమును ఒకే ఎత్తు అయిపోవును. 1980ల తొలినాళ్లలో ఆ క్రీడకు సంబంధించిన పత్రికలోనే, పడినకొలది పాచికల సంఖ్య త్వరత్వరగా పెరుగునట్లు లెక్కను సవరింపవలెనను ప్రతిపాదన వెలువడినది. ఆ వివాదము నేటికిని ఆటగాండ్ర నడుమ తెగలేదు.

అయితే పాచికల సంఖ్య పెంచినంత మాత్రమున చిక్కు వీడదు. డాబామీది బాలుని మాటలో వినవలసినది అంకెలు కాదు, నవ్వు. అతని వీరుడు కొండను చూచి భయపడలేదు; లెక్క చూచి నిర్భయుడైనాడు. భయము లేనిచోట సాహసము లేదు. సాహసము లేనిచోట వీరుడు లేడు. ఆ క్షణమున వీరుడు లోయలో పడకముందే, కథ పడిపోయినది.

పడినవారి పురాణము

పతనము మన ఇతిహాసములకు కొత్త కాదు. భారతము ఆదిపర్వమున పసిబిడ్డయైన భీముడు తల్లి ఒడినుండి జారి రాతిపై పడును. బిడ్డకు ఏమియు కాలేదు, రాయి ముక్కలైనది. విన్నవారు నవ్వుకొందురు గాని ఎవరును ఆక్షేపింపరు. ఏలయనగా అచ్చట పతనము అపాయము కాదు, పరిచయము. ఈ బిడ్డ ఎట్టివాడు కానున్నాడో కవి ముందుగా సూచించుచున్నాడు. అతడు వాయుపుత్రుడని మనకు అంతకుముందే తెలిసియున్నది.

అదే వాయువునకు మరియొక కుమారుడు కలడు. బాల హనుమంతుడు సూర్యుని పండని భ్రమించి ఎగిరెను. ఇంద్రుని వజ్రము తగిలి కొండపై పడెను. అతడు బ్రతికెను, కాని దవడ విరిగెను. ఆ విరిగిన దవడయే అతనికి పేరైనది. కుమారుడు పడెనని వాయువు అలిగి వీచుట మానగా లోకమంతయు ఉక్కిరిబిక్కిరియైనది. ఒక్క బాలుని పతనమునకు ముల్లోకములును వెల చెల్లించిన పిదపనే దేవతలు వరములొసగిరి.

జటాయు సంపాతుల కథ ఇంకను లోతైనది. అన్నదమ్ములిద్దరును పడినవారే. సూర్యునివైపు ఎగిరిన తమ్మునికి ఎండ తగులకుండ సంపాతి తన రెక్కలు అడ్డుపెట్టి, అవి కాలి వింధ్యపర్వతముపై పడెను. అతడు బ్రతికెను, కాని రెక్కలు లేని పక్షియై ఏండ్ల తరబడి ఆహారమునకు కుమారునిపై ఆధారపడెను. జటాయువు సీతకై రావణునితో పోరాడి, రెక్కలు తెగి నేలకూలెను. అతడు బ్రతుకలేదు; రామునికి వార్త చెప్పునంతవరకు మాత్రము ప్రాణము బిగపట్టుకొనెను. ఒకని బ్రతికించి ఒకని చంపుటలో ఆదికవి పక్షపాతము చూపలేదు. బ్రతికినవాడు వెల చెల్లించెను, చచ్చినవాడు కార్యము నెరవేర్చెను. ఏ పతనమును వ్యర్థము కాలేదు.

ఇక ప్రహ్లాదుడు. ఉప్పల్ దాటి వరంగల్లు వైపు పోవువారికి జనగామ ప్రాంతమున బమ్మెర గ్రామము తగులును. భాగవతమును తెలుగు చేసిన పోతన పేరుతో ముడిపడిన ఊరది. హిరణ్యకశిపుడు కుమారుని పెట్టిన బాధలలో కొండకొమ్ములనుండి త్రోయించుటయు ఒకటి. ప్రహ్లాదునికి గాయమైనను కాలేదు. హనుమంతునికి విరిగిన దవడ ఇతనికేల విరుగలేదు? ప్రహ్లాదుడు దూకలేదు, అతనిని త్రోసిరి. శ్రీహరి పట్టుకొనునని లెక్క వేసికొని అతడు కొండ యెక్కలేదు. పడిన చచ్చినను సరే, నమ్మినది విడువనని నిలిచెను. వెల అతడు ముందే చెల్లించినాడు. తండ్రి ప్రేమను, రాజభోగమును, బాల్యమును వదలుకొనినాడు.

ఈ సూక్ష్మము ఒక్క మన దేశపు ఆస్తి కాదు. క్రైస్తవుల సువార్తలలో సైతాను యేసును దేవాలయ శిఖరముపై నిలిపి, దేవదూతలు పట్టుకొందురు గదా, దూకుమని ప్రేరేపించును. దేవుని పరీక్షింపరాదని చెప్పి ఆయన దూకుటకు నిరాకరించును. రక్షణ కలదని నమ్ముట వేరు. రక్షణను లెక్కలోనికి తీసికొని దూకుట వేరు. డాబామీది బాలుడు చేసినది రెండవది.

పడి లేవనివారి కథయు భారతములోనే కలదు. మహాప్రస్థానమున ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా నేలకొరిగిరి. ఎత్తు ఒక్క అడుగైనను లేదు, నడుచుచునే కూలిరి. రాతిని పగులగొట్టిన భీముడు సైతము ఆ దినమున లేవలేదు. ఒక్కొక్కరు ఏల పడిరో ధర్మరాజు చెప్పుచు పోయెను. పసితనమున పడినప్పుడు ముందున్న జీవితము అతనిని నిలిపినది. చివర పడినప్పుడు వెనుకనున్న జీవితము అతనిని లాగినది. కథలో పతనమును కొలుచునది అడుగులు కావు, అర్థము.

నాచారపు వల

పురాణము చెప్పువాడు మాటతో పడవేయును. చలనచిత్రము తీయువాడు దేహముతో పడవేయవలెను. స్టూడియోలో వీరుడు బురుజుపైనుండి దూకు దృశ్యమును ముక్కలుగా తీయుదురు. అంచున నిలిచిన నటుడు ఒక ముక్క. గాలిలో పడుచున్న దేహము ఒక ముక్క. నేలపై లేచి నిలుచుట మరియొక ముక్క. నడిమి ముక్కలోనివాడు తరచు నటుడు కాడు, డూపు. అతని క్రింద వలలో, పరుపులో, ఖాళీ అట్టపెట్టెల దొంతరలో ఉండును. పెట్టెలు ఒకదాని వెంట ఒకటి నలుగుచు పతనవేగమును మెల్లమెల్లగా మ్రింగును. తెరపై వీరుడు దెబ్బ తినకుండ లేచుటకు, తెర వెనుక మరియొకడు నిజముగా పడవలసియున్నది. వెల లేని పతనము స్టూడియోలోను లేదు. దానిని చెల్లించినవాని ముఖము మనకు కనబడదు, అంతియే.

ఈ వెలను కథలోనికే తెచ్చిన చిత్రములు ప్రజల మనసున నిలిచినవి. రాజమౌళి దర్శకత్వమున 2009లో వచ్చిన "మగధీర"లో లోయలోనికి జారిన మిత్రవిందను అందుకొనుటకు కాలభైరవుడు తానును దూకును. వారు బ్రతుకరు. నాలుగువందల ఏండ్ల పిమ్మట మరుజన్మమున గాని వారి చేతులు కలియవు. చిత్రముయొక్క రెండు కాలములును ఆ పతనముపైననే ఆధారపడియున్నవి. అందులో వీరుని అద్భుతముగా బ్రతికించియున్నచో కథయే లేదు. అదే దర్శకుని 2015 నాటి "బాహుబలి"లో శివుడు జలపాతము నెక్కబోయి చిన్ననాటినుండి పలుమార్లు పడును, ప్రతిసారియు బ్రతుకును. ప్రేక్షకుడు ఆక్షేపింపడు, ఏలయనగా ప్రతి పతనమును అతనిని మరల క్రిందికే చేర్చుచున్నది. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడిన కాయ నశింపదు. అడుగు వరుసకు దిగును. మన ఇండ్లలోని ఆ పాత ఆట ఈ ధర్మమును ఏనాడో నేర్పినది. పడినవాడు ఆటలో ఉండవచ్చును, ఎక్కిన ఎత్తు మాత్రము పోగొట్టుకొనవలెను.

లోకములో జరిగినది

కల్పనలోనే కాదు, లోకములోను నమ్మశక్యము కాని పతనములు కలవు. 1944లో బ్రిటిషు వైమానికుడు నికొలాస్ ఆల్కమేడ్ మండుచున్న విమానమునుండి పారాచూటు లేకయే సుమారు 18,000 అడుగుల ఎత్తునుండి దూకి బ్రతికెను. దేవదారు జాతి చెట్ల కొమ్మలును, నేలపై మెత్తని మంచును అతని వేగమును హరించినవి. 1971 డిసెంబరు 24వ తేదీన పెరూ దేశమున విమానము ఆకాశముననే విరిగిపోగా, యూలియానె కోప్కె అను పదునేడేండ్ల బాలిక సుమారు మూడువేల మీటర్లనుండి ఆసనముతో సహా అడవిలో పడెను. విరిగిన ఎముకతో, గాయములతో, వాగుల వెంట పదునొకండు దినములు తిరిగి మనుష్యులను చేరెను. ఆమె తల్లి ఆ ప్రమాదములోనే మరణించెను. 1972లో వెస్నా వులోవిచ్ అను విమాన పరిచారిక పదివేల మీటర్లకు పైగా ఎత్తునుండి విమానశకలముతో కూడ పడి బ్రతికెను. కపాలము చిట్లెను, వెన్నుపూసలు విరిగెను, కొంతకాలము నడుము క్రింద స్పర్శయే లేదు.

ఈ ముగ్గురి వృత్తాంతములును వీరుని బ్రతికింపదలచిన సూత్రధారికి గొప్ప పాఠములు. పతనము బ్రతుకదగనిదని శాస్త్రము శాసింపలేదు. కారణము చూపుమని మాత్రము అడుగుచున్నది. కొమ్మలు, మంచు, విమానశకలము: ప్రతిచోటను నేలకును దేహమునకును నడుమ ఏదో ఒకటి అడ్డుపడినది. ఆల్కమేడ్ చిన్న గాయములతో బయటపడెను గాని, మంటలు తప్ప వేరు దారి లేకయే దూకెను. తక్కిన ఇద్దరి దేహములు ఆ దినమును మరువలేదు. ముగ్గురిలో ఎవరును బ్రతుకుదుమని లెక్క చూచుకొని పడినవారు కారు.

సూత్రధారి ధర్మము

ఆటలోని వీరుడు బ్రతికిన నేమి, చచ్చిన నేమి, ఇంత చర్చ ఏలయని ఉపాధ్యాయులు అడుగవచ్చును. 1997లో దూరదర్శన్‌లో "శక్తిమాన్" ధారావాహిక ప్రారంభమైన పిదప, పిల్లలు ఆ వీరుని అనుకరించి ప్రమాదములకు లోనగుచున్నారని పత్రికలలో వార్తలు వచ్చినవి. ఆ పాత్రధారి ముఖేష్ ఖన్నాయే తెరపైకి వచ్చి, ఇట్టి పనులు చేయరాదని పిల్లలను హెచ్చరింపవలసి వచ్చినది. ఎగురు వీరుని చూచుట పాపము కాదు. కాని నేల ఎప్పుడును నొప్పింపని కథలనే వినుచు పెరిగిన బాలునికి, డాబా అంచు ఒక గీతవలె తోచు ప్రమాదము కలదు. పది మీటర్ల ఎత్తు, అనగా మూడంతస్తుల మేడ, పడుటకు పట్టుకాలము ఒకటిన్నర సెకను. నేలను తాకు వేగము గంటకు ఏబది కిలోమీటర్లు. ఈ లెక్కకు పాచికల హద్దు లేదు.

దీనికి విరుగుడు కథలలో వీరులనందరిని చంపుట కాదు. ప్రతి జారుపాటును చావైనచో ఏ వీరుడును కొండ యెక్కడు. బల్ల చుట్టు కూర్చున్న పిల్లలు జాగ్రత్తను గాక పిరికితనమును నేర్చుకొందురు. బ్రతికింపుము, కాని ఊరక బ్రతికింపకుము: సూత్రధారికి ఇతిహాసములు చెప్పునది ఇదియే. కారణము ముందుగా ఉండవలెను, గుర్తు పిదప మిగులవలెను. త్రోయబడినవానికి, ఒకరిని కాపాడబోయి జారినవానికి కరుణ చూపవచ్చును. లెక్క చూచుకొని దూకినవానికి లెక్క తప్పు కావలెను. డాబామీది ఆటలో సూత్రధారి, "సరే, బతికినవ్. కానీ కాలు విరిగింది, కత్తి లోయలో పోయింది, నిన్ను మోసుకపోవాల్సింది మీ దోస్తులే" అనినచో, ఆట ఆగిపోదు. అక్కడినుండియే అసలైన కథ మొదలగును. స్నేహితులు విడిచిపోవుదురా, మోయుదురా? పాచిక తీర్పు చెప్పలేని ప్రశ్న అది.

ఆ బాలురు నమూనాగా తీసికొన్న భువనగిరి గుట్టపై నిజముగా ఎక్కినవారు కలరు. తెలంగాణ గురుకుల పాఠశాలల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ రాతిపై శిక్షణ పొంది, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమును చేరిరి. నాటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. రాతినెక్కుట నేర్చువానికి మొదట నేర్పునది నడుముకు తాడు కట్టుకొనుట. ఆ తాటి రెండవ కొనను పట్టి నిలుచువాడు మరియొకడు. ఎక్కువాడు జారును. జారినప్పుడు తాడు బిగియును, నడుము ఒరయును, మోకాలు రాతికి కొట్టుకొనును, ప్రాణము నిలుచును. అతడు తాటిని సరిచూచుకొని మరల రాతిపై చేయి వేయును.